ఈస్ట్‌లో కైనేజ్ పనేంటో తెలియాలంటే దాన్ని ఏ గంటలో ఆపాలి?

జీన్ తీసేసి ఏమవుతుందో చూడండి అని అందరూ చెప్తారు. మామూలు కణ విభజనకి (మైటోసిస్‌కి) ఆ సలహా కొంతవరకు పనికొస్తుంది గానీ మియోసిస్‌లో, అంటే క్రోమోజోముల సంఖ్య సగమై స్పోర్లు తయారయ్యే విభజనలో, మోసం చేస్తుంది. ఒకే కైనేజ్ రెండో గంటలో ఒక పని, ఐదో గంటలో ఇంకో పని చేస్తుంటే, మొదటినుంచీ అది లేని కణం మొదటి పని దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాతివి మనకు కనబడనే కనబడవు. అందుకే కణాన్ని మియోసిస్‌లోకి మామూలుగా వెళ్లనిచ్చి, మనకు కావాల్సిన నిమిషంలో కైనేజ్‌ని ఆపాలి. అదెలాగో సీడీసీ28 అనే కైనేజ్‌తో చెప్తాను.

కైనేజ్ అంటే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి వేరే ప్రోటీన్‌కి అతికించే ఎంజైమ్. ఆ అతుకు పడగానే అవతలి ప్రోటీన్ పని మొదలుపెట్టొచ్చు, మానెయ్యొచ్చు, లేదా దాన్ని కణమే నాశనం చేసెయ్యొచ్చు. మొగ్గ తొడిగే ఈస్ట్‌లో సీడీసీ28 ప్రాధాన్యం బయటపెట్టింది లీలాండ్ హార్ట్‌వెల్, మధ్యకు చీలే ఈస్ట్‌లో దాని జోడీ సీడీసీ2 మీద పనిచేసింది పాల్ నర్స్, కైనేజ్‌కి తోడై దాన్ని పనిచేయించే సైక్లిన్లనే ప్రోటీన్లు కనిపెట్టిన టిమ్ హంట్‌తో కలిపి ముగ్గురికీ 2001లో నోబెల్ వచ్చింది. కణంలో సీడీసీ28 మోతాదు పెద్దగా మారదు, దానికి తోడుగా వచ్చే సైక్లిన్ మారుతుంది: మొదట్లో సీఎల్ఎన్‌లు, డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు సీఎల్‌బీ5, సీఎల్‌బీ6, విభజనకి సీఎల్‌బీ1 నుంచి 4 దాకా. మైటోసిస్‌లో పెద్ద పాత్ర సీఎల్‌బీ2ది, మియోసిస్‌లో దాని జాడే ఉండదు, ఆ బరువు సీఎల్‌బీ1 మోస్తుంది.

ముందు మైటోసిస్ మీద చెయ్యి తిరగనివ్వండి. సీడీసీ28-4 అనే, వేడి పడితే ఆ కైనేజ్ పనిచెయ్యని స్ట్రెయిన్‌ని (ఈస్ట్ రకాన్ని) 25 డిగ్రీల్లో పెంచి, కల్చర్ పల్చగా ఉండగానే సగం 37 డిగ్రీలకు మార్చండి. మూడు గంటల తర్వాత ఒక చుక్క స్లైడ్ మీద పెట్టి చూస్తే చల్లగా ఉంచిన సగంలో చిన్న మొగ్గలు, పెద్ద మొగ్గలు అన్నీ కలిసి ఉంటాయి, వేడి పడిన సగంలో మాత్రం దాదాపు ఏ కణానికీ మొగ్గ ఉండదు, లావెక్కి కూర్చుంటాయి. అదే జీన్‌లో సీడీసీ28-1ఎన్ అనే మార్పు ఉంటే, వేడి పడినప్పుడు కణం డీఎన్ఏ కాపీ చేసుకుని, మొగ్గ కూడా వేసి, మైటోసిస్ ముందు ఆగుతుంది. ఒకే కైనేజ్, ఆగే చోట్లు రెండు. ఇది మీ కళ్లతో చూశాక మిగతాదంతా తేలిక.

మియోసిస్‌కి ఈ వేడి పద్ధతి అచ్చిరాదు, 37 డిగ్రీల్లో మంచి స్ట్రెయిన్ కూడా స్పోర్లు సరిగా చెయ్యదు. పైగా వేడికి తట్టుకోలేని ఆ మ్యుటెంట్లు (జీన్ మారిన స్ట్రెయిన్లు) డీఎన్ఏ కాపీ అయిపోయాక పాకిటీన్ దగ్గర, అంటే క్రోమోజోములు జతలుగా అతుక్కుని ఉండే దశలో, ఆగడం చూసి, మియోసిస్‌లో డీఎన్ఏ కాపీకి సీడీసీ28 అక్కర్లేదేమో అని చాలాకాలం అనుకున్నారు. 2003లో సీడీసీ28-ఏఎస్1 అనే మార్పుతో ఆ లెక్క మారింది. ఇందులో 88వ స్థానంలోని ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు దానికంటే చిన్నదైన గ్లైసిన్ ఉంటుంది, దాంతో ఏటీపీ కూర్చునే గూడు కాస్త పెద్దదై 1-ఎన్ఎం-పీపీ1 అనే మందు అందులో సరిగ్గా ఇమిడిపోతుంది. మొదట్లోనే ఆ మందు వేస్తే డీఎన్ఏ కాపీయే ఆగిపోయింది.

ఇక కల్చర్. ఎస్‌కే1 అనే స్ట్రెయిన్‌లో డిప్లాయిడ్ (ప్రతి క్రోమోజోమ్ రెండేసి ఉన్న కణాలు) తీసుకోండి, మిగతా స్ట్రెయిన్లకంటే త్వరగా, దాదాపు అన్ని కణాలూ కలిసికట్టుగా నడుస్తాయి. ఫ్రీజర్ నుంచి తీసినవాటిని ముందు గ్లిసరాల్ ప్లేట్ మీద గీయండి, మైటోకాండ్రియా పాడైన కణాలు దాని మీద పెరగవు, అవి స్పోర్లూ చెయ్యవు కాబట్టి అక్కడే వడకట్టినట్టవుతుంది. తర్వాత గ్లూకోజ్ ఉన్న వైపీడీ మీడియంలో ఒక రోజు, ఎసిటేట్ ఉన్న వైపీఏలో రాత్రంతా, పొద్దున నీళ్లతో బాగా కడిగి పొటాషియం ఎసిటేట్ మాత్రమే ఉన్న స్పో మీడియంలోకి, అంతా 30 డిగ్రీల్లోనే. కడగడంలో బద్ధకం వద్దు, పోషకాలు మిగిలితే మియోసిస్‌ని మొదలుపెట్టే ఐఎంఈ1 జీన్ సరిగా మేలుకోదు, అది మేలుకోకపోతే ఐఎంఈ2 అనే కైనేజ్ రాదు. ఫ్లాస్క్ కల్చర్‌కంటే కనీసం పదింతలు పెద్దది ఉండాలి. నేను ఒకసారి సగందాకా నింపి షేకర్ మీద పెట్టాను, పన్నెండు గంటలు కూర్చుని లెక్కపెట్టినా ఒంటి కేంద్రకాలే, గాలి చాలలేదని మర్నాటికి గానీ అర్థం కాలేదు.

మందుని 5 మైక్రోమోలార్ దగ్గర మొదలుపెట్టండి, ఏఎస్1 ఉన్న ఒక ఫ్లాస్క్‌లో సున్నా గంటకి (స్పో మీడియంలోకి మార్చగానే), ఇంకోదాంట్లో ఐదో గంటకి. మామూలు స్ట్రెయిన్‌కి మందు, మామూలు స్ట్రెయిన్‌కి ఉత్త డీఎంఎస్ఓ (మందుని కరిగించే ద్రావకం), ఏఎస్1కి ఉత్త డీఎంఎస్ఓ, ఈ మూడు ఫ్లాస్కులు లేకుండా మాత్రం ప్రయోగం మొదలుపెట్టకండి. ఏఎస్1 మందు లేకపోయినా కొంచెం నీరసంగానే ఉంటుంది, ఆ నీరసాన్ని మందు ప్రభావం అనుకునే ప్రమాదం చాలా ఉంది.

చివరి దశలే కావాలంటే కణాన్ని పాకిటీన్ దాటించే ఎన్‌డీటీ80 జీన్‌ని గాల్ ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే స్విచ్) కింద పెట్టిన స్ట్రెయిన్ వాడండి, ఎస్ట్రడయోల్ హార్మోన్ తగిలితే ఆ స్విచ్ వేసే గాల్4-ఈఆర్ ప్రోటీన్ కూడా అందులో ఉండాలి. ఆరు గంటల్లో కణాలన్నీ పాకిటీన్‌లో వచ్చి నిలబడతాయి, 1 మైక్రోమోలార్ ఎస్ట్రడయోల్ పోయగానే సీఎల్‌బీ1, సీడీసీ5 అనే ఇంకో కైనేజ్ తయారై అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. అదే ఘడియలో మందు కూడా పోసినదాన్ని, గంట ఆగి పోసినదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

గంటగంటకీ అర మిల్లీలీటర్ తీసి ఆల్కహాల్‌లో వేసి, డీఎన్ఏకి అంటుకుని మెరిసే డాపీతో రంగు పట్టించి, ట్యూబ్ మీది పేరు చూడకుండా 200 కణాలు లెక్కపెట్టండి: ఒక కేంద్రకం, రెండు, మూడు నాలుగు. మామూలు ఎస్‌కే1లో ఐదారు గంటలకి రెండు కేంద్రకాలవి కనబడటం మొదలవుతుంది. ఫాస్ఫేట్‌ని వెస్టర్న్‌లో (ప్రోటీన్లని యాంటీబాడీతో పట్టి చూసే పద్ధతిలో) చూడాలనుకుంటే ట్యూబుల్లో టీసీఏ అనే ఆమ్లం ముందే పోసి ఐస్ మీద పెట్టుకోండి, కణాలు తీసి తీరిగ్గా కడిగేలోపే ఫాస్ఫటేజ్‌లు ఆ ఫాస్ఫేట్లని ఊడదీసేస్తాయి.