మందు పడలేదా? సైడ్ ఎఫెక్ట్‌ని మనమే రిపోర్ట్ చేయడం ఎలా

మాత్ర వేసుకున్న గంటకి ఒళ్ళంతా దద్దుర్లొస్తే మనవాళ్ళు ఏం చేస్తారు, "ఇది నాకు పడదులే" అని మిగతావి చెత్తబుట్టలో పడేసి ఇంకో మందు తెచ్చుకుంటారు. అలాంటివి చెప్పుకోడానికి గవర్నమెంటు ప్రోగ్రామ్ ఒకటుంది, ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా అని, 2010 నుంచి నడుస్తోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసుకుంటుంది. డాక్టరే రాయాలని లేదు, పేషెంటు గానీ ఇంట్లోవాళ్ళు గానీ పంపొచ్చు, ఫీజు లేదు.

ఊపిరాడకపోయినా మొహం, నాలుక వాచినా మాత్రం ముందు 108కి కొట్టండి, ఫామ్ సంగతి తర్వాత.

ఈజీ దారి ఫోన్: 1800-180-3024, టోల్ ఫ్రీ, వర్కింగ్ డేస్‌లో పొద్దున 9 నుంచి సాయంత్రం 5:30 దాకా. లేదంటే కమిషన్ వెబ్‌సైట్‌లో పేషెంట్ల కోసం వేరే ఫామ్ ఉంది, తెలుగులో కూడా దొరుకుతుంది, దాన్ని నింపి దగ్గర్లో ఉన్న ఏడీఆర్ (మందుల సైడ్ ఎఫెక్ట్స్) మానిటరింగ్ సెంటర్లో ఇవ్వొచ్చు. ఇవి ఎక్కువగా మెడికల్ కాలేజీల ఫార్మకాలజీ డిపార్ట్‌మెంట్లలో ఉంటాయి, విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ, వరంగల్లో కాకతీయ అలాంటివే.

ఫామ్‌లో పేషెంటు పూర్తి పేరు అక్కర్లేదు, ఇనిషియల్స్, వయసు చాలు. మందు ఎందుకు వాడారు, ఎవరు చెప్పారు (డాక్టరా, షాపతనా, మీరే కొనుక్కున్నారా), ఎప్పుడు మొదలెట్టి ఎప్పుడు ఆపారు, ఇబ్బంది ఎప్పుడొచ్చింది, అడ్మిట్ అవ్వాల్సొచ్చిందా అని అడుగుతారు. షాపతను చెప్పాడనో సొంతంగా కొన్నాననో రాయడానికి మొహమాటపడక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయండి.

అసలు చిక్కు మందు వివరాల దగ్గరే. మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలే ఇస్తే ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది, మన చేతికొచ్చిన దానిమీద సగం పేరే ఉంటుంది. అందుకే కొనేటప్పుడే స్ట్రిప్ రెండువైపులా ఫోటో తీసుకుని బిల్లు అడిగి తీసుకోండి. అదే టైంలో వాడుతున్న బీపీ, షుగర్ మాత్రలు, ఆయుర్వేదం మందులు కూడా చెప్పాలి, చాలామంది అవి మందులే కాదన్నట్టు వదిలేస్తారు.

"ఈ మందు వల్లేనని గ్యారంటీ ఏంటి" అని ఆగిపోవద్దు, అనుమానం ఉంటే చాలు, తేల్చే పని వాళ్ళది. 2023 నవంబర్లో పీరియడ్స్ నొప్పికి చాలామంది వాడే మెఫెనమిక్ యాసిడ్ మీద డ్రెస్ సిండ్రోమ్ అనే సీరియస్ ఎలర్జీ గురించి కమిషన్ అలర్ట్ ఇచ్చిందంటే, వచ్చిన రిపోర్టులు చూశాకే.

దీనివల్ల నష్టపరిహారం రాదు, ఎవరి మీదా కేసు పడదు, మీ వివరాలు బయటపెట్టరు. డాక్టరు నిర్లక్ష్యం అనుకుంటే ఆ దారి వేరు, మెడికల్ కౌన్సిల్‌కో కన్జ్యూమర్ కమిషన్‌కో వెళ్ళాలి, కన్జ్యూమర్ కమిషన్‌కైతే మామూలుగా రెండేళ్ళలోపు వెయ్యాలి.

స్టెంటు, ఇంప్లాంటు లాంటి పరికరాలతో ఇబ్బందొస్తే 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఉంది, అదీ ఈ కమిషన్ కిందే. టీకా తర్వాత ఏమైనా అయితే మీ ఏఎన్ఎంకి గానీ పీహెచ్‌సీలో గానీ చెప్పండి, అక్కణ్ణుంచి పైకి వెళ్తుంది.