డిజైన్ రెజ్యూమేకు జవాబు రాకపోతే: నా అనుభవం

హన్మకొండలో ఫ్లెక్సీలు, పెండ్లి పత్రికలు డిజైన్ చేసుకుంటూ హైదరాబాద్‌లో గ్రాఫిక్ డిజైనర్ కొలువులకు అప్లై చేస్తున్నా. రెజ్యూమేను కాకతీయ తోరణం ఆకారంలో, ప్రాణం పెట్టి చేసిన. నాలుగు నెలలు ఒక్క ఫోన్ రాలే.

రంగులు మార్చిన, ఫొటో తీసేసిన, కవర్ లెటర్ తిరగరాసిన, లాభం లేకపోయింది.

అసలు లోపం ఇట్ల దొరికింది. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసిన. ఖాళీ! ప్రెస్సుకు పంపే అలవాటు కొద్దీ ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నిటికీ 'క్రియేట్ అవుట్‌లైన్స్' కొట్టేసిన. కంటికి అవి అక్షరాలే, కంప్యూటర్‌కు మాత్రం ఉత్త బొమ్మలు. అప్లికేషన్లు వడపోసే సాఫ్ట్‌వేర్‌కు నా ఫోన్ నంబర్ కూడా దొరకకపోవచ్చు.

అవుట్‌లైన్ చేయని పాత ఫైల్ తీసిన. రెండు కాలమ్‌లను ఒక్కటి చేసిన. 'ఫొటోషాప్ 90 శాతం' అని చూపే గీతలు తీసేసి, దాంతో ఏమేం పనులు చేసిన్నో మాటల్లో రాసిన. పైన 'అను' అనే పాత తెలుగు ఫాంట్‌లో ఉన్న నా పేరు పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొచ్చినయ్. ఏ కంప్యూటరైనా చదివే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసిన. ఇంకోసారి నోట్‌ప్యాడ్‌లో చూస్తే అంతా వరుస తప్పకుండా వచ్చింది. తోరణాన్ని పారేయలే, నా డిజైన్లన్నీ చూపే పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే.

తర్వాత మూడు వారాల్లో రెండు ఇంటర్వ్యూలు. దీనివల్లేనని గట్టిగా చెప్పలేను, అప్పుడే పోర్ట్‌ఫోలియో లింకు కూడా పెట్టిన. చిన్న స్టూడియోలో ఓనరే మెయిల్ చూస్తే డిజైన్ రెజ్యూమే కలిసిరావచ్చు. వెబ్‌సైట్ ఫారంలో అప్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం నేను సాదాదే పంపుతున్నా.