బీటుబీ కంపెనీకి కంటెంట్, సోషల్ మీడియా: ఎవరి కోసం రాయాలి, ఏం రాయాలి, ఏం మానేయాలి

మీ కంపెనీ లింక్డ్‌ఇన్ పేజీ తెరిచి చివరి ఇరవై పోస్టులు ఒకసారి చూడండి. పండగ శుభాకాంక్షలు ఎన్ని, ఎగ్జిబిషన్ స్టాల్ ముందు దిగిన గ్రూప్ ఫోటోలు ఎన్ని, "సంతోషంగా తెలియజేస్తున్నాం" అని మొదలయ్యేవి ఎన్ని, మీ దగ్గర కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషికి నిజంగా పనికొచ్చేవి ఎన్ని, లెక్కపెట్టండి. చివరి లెక్క ఒకటో రెండో దగ్గర ఆగిపోతే రోజుకో పోస్టు వేసినా ఏమీ మారదు. ముందు ఎవరి కోసం రాస్తున్నామో తేల్చుకోవాలి.

బీటుబీ అంటే కంపెనీలకు అమ్మే వ్యాపారం, అందులో కొనే నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు. గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ ప్రకారం కాస్త క్లిష్టమైన కొనుగోలు అయితే 6 నుంచి 10 మంది దాకా అందులో పాలుపంచుకుంటారు, ఆ వ్యవహారం మొత్తంలో వెండర్లతో కూర్చుని మాట్లాడేది 17 శాతం సమయమే, అదీ అందరు వెండర్లకూ కలిపి. మిగతా కాలమంతా నెట్‌లో వెతుక్కుంటారు, వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు. ఆ గదిలో మీ సేల్స్ మనిషి ఉండడు. మీ తరఫున మాట్లాడేది వాళ్ల ఇంజినీరో, ప్రాజెక్ట్ మేనేజరో, మీ సరుకు బాగుంటుందని నమ్మిన ఎవరో ఒకరు. సరుకు గురించి ఆయనకు బాగానే తెలుసు, కానీ ఫైనాన్స్ వాళ్లు "ఈ డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుంది" అని అడిగితే చేతిలో కాగితం లేదు, ఐటీ వాళ్లు డేటా ఎక్కడ ఉంటుందని అడిగితే జవాబు లేదు. ఆయన చేతికి ఆ జవాబులు అందించడమే బీటుబీ కంటెంట్ చేయాల్సిన అసలు పని. ఏది రాసినా పోస్ట్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని ఆయన తన బాస్‌కి ఫార్వర్డ్ చేస్తాడా? చేయడనిపిస్తే అది మీ సంతోషం కోసం రాసుకున్నదే.

టాపిక్స్ ఎక్కడ దొరుకుతాయి

మార్కెటింగ్ టీమ్ ఒక గదిలో కూర్చుని "ఈ నెల ఏం రాద్దాం" అనుకుంటే అందరూ రాసే విషయాలే వస్తాయి. టాపిక్స్ ఉండేది సేల్స్, సర్వీస్ వాళ్ల దగ్గర. వారానికి అరగంట వాళ్లతో కూర్చోండి. ఏం రాయమంటారని మాత్రం అడగకండి, అలా అడిగితే "మన కొత్త మోడల్ గురించి రాయండి" అనే చెబుతారు. పోయిన వారం కస్టమర్ ఏం అడిగాడు, బేరం ఎక్కడ ఆగిపోయింది, ఏ విషయం మెయిల్‌లో మళ్లీ మళ్లీ టైప్ చేయాల్సి వస్తోంది, సర్వీస్ కాల్‌కి వెళ్తే అక్కడ ఎలాంటి పొరపాటు కనిపించింది, ఇవి అడగండి. కస్టమర్ వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి, ఎందుకంటే వెతికేటప్పుడు వాళ్లు టైప్ చేసేది ఆ మాటలే గాని మీ బ్రోషర్‌లో ఉన్న పదాలు కాదు. అనుభవం ఉన్న సేల్స్ మనిషి పంపిన పాత మెయిల్స్ తిరగేస్తే చాలు, ఆరు నెలలకు సరిపడా టాపిక్స్ అక్కడే దొరుకుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు ఫ్యాక్టరీలకు ఎయిర్ కంప్రెసర్లు అమ్ముతారనుకోండి. "నాణ్యతే మా లక్ష్యం" అని ఒక మెషిన్ ఫోటో పెడితే దాన్ని ఎవరూ ఎవరికీ పంపరు. అదే, కంప్రెసర్ జీవితకాలపు ఖర్చులో కొన్న ధర చిన్న భాగమేనని, పెద్ద భాగం కరెంటు బిల్లేనని లెక్క వేసి చూపించారనుకోండి, అది ఫైనాన్స్ వాళ్లకు వెళ్తుంది. పైపుల్లో లీకేజీ వల్ల చాలా ప్లాంట్లలో తయారైన గాలిలో 20 నుంచి 30 శాతం దాకా వృథా అవుతుంది. అది తమ దగ్గర ఎంత ఉందో సొంతంగా కొలుచుకునే పద్ధతి చెప్పండి: ఉత్పత్తి ఆగి ఉన్న సమయంలో, గాలి వాడే మెషిన్లన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటీ నడిపి, అది ఎంతసేపు లోడ్‌లో (గాలి నింపుతూ) ఉందో ఎంతసేపు అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా) ఉందో వాచీ పెట్టి రాసుకోవాలి, లోడ్ సమయాన్ని మొత్తం సమయంతో భాగించి వందతో గుణిస్తే లీకేజీ శాతం వస్తుంది. ఇది చదివిన మెయింటెనెన్స్ ఇంజినీరు వెంటనే కొలిచి చూస్తాడు, వచ్చిన అంకె పట్టుకుని ప్లాంట్ హెడ్ దగ్గరికి వెళ్తాడు, ఆ లెక్క ఎవరు నేర్పారో గుర్తుంచుకుంటాడు. ఇందులో మీ మెషిన్ పేరు ఒక్కసారి కూడా రాలేదు, అయినా ఇది మీ తరఫున పనిచేసే పోస్ట్. జాన్ డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం ఒక పత్రిక మొదలుపెట్టి వ్యవసాయం ఎలా చేస్తే లాభమో చెప్పుకుంటూ వచ్చింది, ఆ పత్రిక ఇప్పటికీ నడుస్తోంది. కొత్త విద్యేం కాదిది.

రాయడానికి భయపడేవే ముందు రాయండి

ధర గురించి రాయమంటే కంపెనీలు వెనకాడతాయి, పోటీవాళ్లకు తెలిసిపోతుందని. పోటీవాళ్లకు మీ ధర ఎప్పుడో తెలుసు, తెలియనిది కస్టమర్‌కే. కచ్చితమైన రేటు ఇవ్వలేకపోతే ఎంత నుంచి ఎంత దాకా ఉంటుందో, ఏ కారణాల వల్ల పెరుగుతుందో తగ్గుతుందో, కొటేషన్‌లో కనిపించకుండా తర్వాత వచ్చే ఖర్చులు ఏమిటో రాయండి. బడ్జెట్ కాగితం తయారు చేసుకునే మనిషికి ఇంతకన్నా పెద్ద సాయం ఉండదు. అలాగే మీ సరుకు ఎవరికి పనికిరాదో కూడా రాయండి. "రోజుకు రెండు గంటలే వాడేవాళ్లకు ఈ మోడల్ దండగ, చిన్నది చాలు" అని రాసిన కంపెనీ మిగతా విషయాల్లో చెప్పే మాట కూడా జనం నమ్ముతారు. ఈ రెండూ మీ సైట్లో లేకపోతే మిగతా ప్లాన్లన్నీ పక్కన పెట్టి ముందు ఇవి రాయమంటాను.

కేస్ స్టడీల గురించి, అంటే ఒక కస్టమర్ అనుభవాన్ని కథలా రాసే పేజీల గురించి, కాస్త గట్టిగానే చెప్పాలి. నూటికి తొంభై కేస్ స్టడీలు ఒకేలా ఉంటాయి: సమస్య వచ్చింది, మేం వచ్చాం, అంతా బాగైపోయింది. అవి ఎవరూ నమ్మరు. కస్టమర్ అంతకుముందు ఏ పద్ధతిలో నెట్టుకొచ్చాడు, మీతో పాటు ఇంకేం చూశాడు, లోపల ఎవరు వద్దన్నారు, వాళ్లను ఎలా ఒప్పించాడు, ఇన్‌స్టలేషన్ మధ్యలో ఏం ఇబ్బంది వచ్చింది, ఎన్ని నెలలకు ఫలితం కనిపించింది, అంకెల్లో ఎంత, ఇవన్నీ ఉండాలి. మధ్యలో వచ్చిన ఇబ్బందిని తీసేయకండి, చదివేవాడు వెతికేది దాన్నే, ఎందుకంటే అతని టెన్షనంతా అక్కడే ఉంటుంది. అనుమతి అడగడానికి మంచి సమయం పని సాఫీగా పూర్తై కస్టమర్ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టిన రోజు, ఏడాది తర్వాత కాదు. పేరు వాడొద్దంటే పేరు లేకుండానే రంగం, ప్లాంట్ సైజు, సమస్య రాసి వేయండి. చాలా మందికి ఆ వివరాలే కావాలి.

కంపెనీ పేజీ కన్నా మనుషులు ముఖ్యం

లింక్డ్‌ఇన్‌లో జనం మనుషులతో మాట్లాడటానికి వస్తారు, లోగోలతో కాదు. కంపెనీ పేజీ ఉండాలి, ఎవరైనా మీ గురించి ఆరా తీసినప్పుడు చక్కగా కనిపించాలి, అంతవరకే దాని పని. మాట్లాడాల్సింది వ్యవస్థాపకులు, ఇంజినీర్లు, సర్వీస్ హెడ్. "మా వాళ్లకు రాయడం రాదండీ" అంటారు. రాయక్కర్లేదు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, ఒకే ఒక్క ప్రశ్న మీద మాట్లాడించి, రికార్డ్ చేసి, ఆ మాటల్లోంచి పోస్ట్ తయారు చేసి, వేసే ముందు ఆయనకే చూపించండి. ఆయన మాట తీరు చెడగొట్టి మార్కెటింగ్ భాషలోకి మార్చకండి. ఇంకో ముఖ్య విషయం, ఉద్యోగులందరికీ ఒకే మ్యాటర్ పంపి కాపీ పేస్ట్ చేయమని ఒత్తిడి చేయకండి. చూసేవాళ్లకు అది ఆర్డర్ మీద జరిగిందని తెలిసిపోతుంది, పోస్ట్ చేసినవాళ్లకూ ఇబ్బందే.

పోస్ట్ రాసేటప్పుడు చూసుకోవాల్సినవి ఎక్కువేం లేవు. మూడు వేల అక్షరాల దాకా రాసుకోవచ్చు గాని ఫీడ్‌లో కనిపించేది మొదటి రెండు మూడు లైన్లే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది, కాబట్టి విషయం మొదటి లైన్‌లోనే ఉండాలి. ఒక పోస్ట్‌లో ఒకే సంగతి చెప్పండి. లెక్కలు, పోలికలు పీడీఎఫ్‌గా పెడితే పేజీ పేజీగా తిప్పి చూస్తారు, దాచుకుంటారు కూడా. వీడియోకి సబ్‌టైటిల్స్ తప్పనిసరి, ఆఫీసులో సౌండ్ లేకుండా చూసేవాళ్లే ఎక్కువ. పోస్ట్ వేశాక వచ్చిన ప్రశ్నలకు జవాబివ్వండి, మీ కస్టమర్లు రాసే పోస్టుల కిందకు వెళ్లి తెలిసిన విషయం చెప్పండి. చాలా సార్లు సొంత పోస్ట్ కన్నా అక్కడి మంచి కామెంటే ఎక్కువ మందికి మిమ్మల్ని పరిచయం చేస్తుంది.

అన్ని చోట్లా ఉండాలన్న ఆరాటం వద్దు. మెషినరీ అయితే యూట్యూబ్ బాగా పనిచేస్తుంది, ఫిల్టర్ మార్చడం ఎలాగో చూపించే నాలుగు నిమిషాల వీడియో ఏళ్ల తరబడి చూస్తూనే ఉంటారు. డెవలపర్లకు అమ్మేవాళ్లయితే మంచి డాక్యుమెంటేషనే మీ మార్కెటింగ్. ఈమధ్య కొన్న కస్టమర్లకు ఫోన్ చేసి, కొనే ముందు ఎక్కడెక్కడ చూశారో అడగండి, జవాబుల్ని బట్టి రెండు చోట్లు ఎంచుకోండి. అందులో ఒకటి అల్గారిదమ్ మీద ఆధారపడని న్యూస్‌లెటర్ అయితే ఇంకా మంచిది.

ఏఐ టూల్స్‌తో రాయించడం గురించి ఒక్క మాట. రికార్డింగ్‌ని అక్షరాల్లోకి మార్చడానికి, పెద్ద వ్యాసంలోంచి చిన్న పోస్టులు తీయడానికి హాయిగా వాడుకోండి. మీ సర్వీస్ ఇంజినీరుకు మాత్రమే తెలిసిన విషయం దానికి తెలియదు కాబట్టి విషయం మాత్రం మీ దగ్గర్నుంచే రావాలి.

ఫలితం ఎలా చూడాలి

"ఈ నెల కంటెంట్ వల్ల ఎన్ని లీడ్స్ (కొనే అవకాశమున్న ఎంక్వైరీలు) వచ్చాయి" అని బాస్ అడుగుతారు. ప్రశ్న సబబే, నెలలో దానికి సరైన జవాబు రాదు. మార్కెటింగ్ మీద పరిశోధన చేసే ఎరెన్‌బర్గ్-బాస్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన జాన్ డాస్ 2021లో ఒక తేలికైన లెక్క చెప్పారు: కంపెనీలు సగటున ఐదేళ్లకోసారి సప్లయర్‌ని మారుస్తాయనుకుంటే, ఏడాదిలో 20 శాతం, ఒక మూడు నెలల్లో 5 శాతం మందే కొనే పనిలో ఉంటారు. మిగతా 95 శాతం ఇప్పుడు కొనరు, కానీ కొనే రోజు వచ్చినప్పుడు మీరు గుర్తుండాలి. అందుకే మొదలుపెట్టే ముందే ఏడాది సమయం అడిగి, ఏం కొలుస్తామో బాస్‌తో ఒప్పందం చేసుకోండి.

మంచి కంటెంట్ మెయిల్‌లో, వాట్సాప్‌లో, మీటింగ్‌లో చేతులు మారుతుంది, అనలిటిక్స్‌కి అది అందదు. మీరు పెట్టే లింకులకు యూటీఎమ్ ట్యాగులు (ఎవరు ఎక్కడ నొక్కి వచ్చారో చెప్పే గుర్తులు) పెట్టండి, కానీ అదే మొత్తం లెక్క అనుకోకండి. ఎంక్వైరీ ఫారంలో "మా గురించి మొదట ఎక్కడ విన్నారు?" అని ఒక ఖాళీ పెట్టె పెట్టండి, ఆప్షన్లు ఇవ్వకుండా వాళ్లనే రాయనివ్వండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మీ సైట్‌ని ఏ మాటలతో వెతికారో చూపించే టూల్) మీ కంపెనీ పేరుతో వెతికేవాళ్లు పెరుగుతున్నారా చూడండి. సేల్స్ వాళ్లను అడగండి, మొదటి కాల్‌కే కస్టమర్ అన్నీ తెలుసుకుని వస్తున్నాడా, మీ పేజీ లింకు వాళ్లు సొంతంగా ఎవరికైనా పంపుతున్నారా అని. సేల్స్ టీమే వాడని కంటెంట్‌ని బయటివాళ్లు వాడతారని ఆశ పెట్టుకోవద్దు.

పీడీఎఫ్ చదవాలంటే ఫోన్ నంబర్ ఇవ్వాలి అనే గేటు చాలా వరకు తీసేయండి. ఫార్వర్డ్ అవ్వాల్సిన కాగితానికి తాళం వేస్తే అది మొదటి మనిషి దగ్గరే ఆగిపోతుంది. వెబినార్‌కో, లెక్కలు వేసిపెట్టే షీట్‌కో మెయిల్ ఐడీ అడగండి, తప్పులేదు, కానీ ఇచ్చిన గంటలోపే సేల్స్ కాల్ వెళ్లకూడదు.

కొత్తవి రాసే హడావుడిలో పాతవి మర్చిపోతారు. ధరలు, మోడళ్లు, నిబంధనలు మారినప్పుడు ఏ పేజీ ఎవరు సరిచేయాలో పేరుతో సహా ముందే రాసి పెట్టుకోండి, ప్రతి పేజీ మీద చివరిగా సరిచూసిన తేదీ వేయండి. సేల్స్ మనిషి ఒక ధర చెప్పి, సైట్లో రెండేళ్ల కిందటి ధర కనిపిస్తే, మీ తరఫున మాట్లాడుతున్న ఆ ఇంజినీరుకు మీటింగ్‌లో మాట పోతుంది.