ప్రపంచంలో చిన్న గనుల కూలీలు ఎంతమంది? అంచనా వేయడం ఎలా?

గడ్డపార, సమ్మెట, తట్ట. ఈ మూడింటితో భూమిని తవ్వి పొట్టపోసుకునేవారు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సుమారు 1.3 కోట్ల మంది అంది. గనుల మీద పనిచేసే ఒక అంతర ప్రభుత్వ వేదిక 2017లో 4.05 కోట్లని చెప్పింది. ప్రపంచ బ్యాంకు, పాక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఆరంభించిన డెల్వ్ అనే సమాచార నిధి 2020 నాటికి 80 దేశాలకు కలిపి దాదాపు 4.5 కోట్లు చూపించింది. పెద్ద కంపెనీల గనుల్లో పనిచేసేవారు కోటి కూడా ఉండరన్నది గుర్తుంచుకుంటే, ఈ అంకె ఎంత పెద్దదో అర్థమవుతుంది.

రెండు దశాబ్దాల్లో మూడు రెట్లు దాటింది. జనం పెరిగారా, లెక్క మెరుగైందా అంటే రెండూ నిజమే. 1999లో సగటున ఔన్సు 300 డాలర్ల లోపే ఉన్న బంగారం 2020 ఆగస్టులో 2000 డాలర్లు దాటింది. అంత ధర పలుకుతుంటే పొలం వదిలి గుంతలోకి దిగేవారు పెరగకుండా ఎలా ఉంటారు? అదే సమయంలో, అంతకుముందు ఎవరూ లెక్కించని దేశాలు కూడా పట్టికలోకి వచ్చాయి. అందుకే ఎవరో ఇచ్చిన అంకెను ఎత్తి రాయకుండా, అంచనా ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. విద్యార్థులు, విలేకరులు, స్వచ్ఛంద సంస్థల వారు ఎవరైనా ఈ పని చేయవచ్చు.

1. ఎవరిని లెక్కిస్తున్నారో ముందే రాసుకోండి

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో వజ్రాల కోసం వెతుకుతూ జనం తిరుగుతారు. వారు గని కూలీలేనా? ఏడాదిలో కొద్ది రోజులు అదృష్టం పరీక్షించుకునే రైతును, ఏడాది పొడవునా రాయి కొట్టే వడ్డెర కుటుంబాన్ని ఒకే గడిలో వేస్తే లెక్క చెడుతుంది. ఏ ఖనిజం, ఏ స్థాయి యంత్రం వరకు చిన్నతరహా అంటారు, ఏడాదికి కనీసం ఎన్ని రోజుల పని ఉండాలి, తవ్వేవారితో పాటు మోసేవారిని, కడిగేవారిని కలుపుతారా? వీటికి జవాబులు కాగితం మీద ఉండాలి.

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. చిన్న గనుల్లో పనిచేసేవారిలో దాదాపు 30 శాతం మంది స్త్రీలని సాధారణంగా అంచనా వేస్తారు. వారిలో ఎక్కువ మంది గుంతలో కాదు, గుంత గట్టు మీద కనిపిస్తారు. రాయి నలగ్గొట్టడం, నీళ్లు మోయడం, మట్టి కడగడం వారి పని. ‘తవ్వేవారు’ అని మాత్రమే నిర్వచిస్తే వీరంతా మాయమవుతారు.

2. పాత అంకెలకు పుట్టుక ఎక్కడో వెతకండి

ఒక్కో దేశానికి అంకె, ఏ సంవత్సరానిది, ఎవరు లెక్కించారు, ఎలా లెక్కించారు అని పట్టిక వేయండి. ఒక నివేదిక మరో నివేదికను, అది ఇంకో దాన్ని చూపిస్తూ పోతుంటుంది. చివరిదాకా వెనక్కి వెళ్తే ఎవరో అధికారి నోటిమాటగా చెప్పిన పాత అంకె తేలవచ్చు. పుట్టుక దొరకని అంకెను కొట్టేయనక్కర్లేదు, కానీ దాని పక్కన ఆ సంగతి రాయాలి.

సంవత్సరం ఎందుకంటే, ఈ జనం ధర వెంట కదులుతారు. బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ లోహం 2018 మార్చిలో టన్ను 90 వేల డాలర్లు దాటి, 2019 మధ్యకు 30 వేల దిగువకు పడిపోయింది. కాంగోలోని కోల్వేజీ దగ్గర ఈ రెండు సంవత్సరాల్లో చేసే లెక్కలు ఒకలా ఉండవు. ఘానాలో 2017లో చిన్నతరహా తవ్వకాలను నిషేధించి, సైనికులతో దాడులు చేయించారు. 2018 చివర్లో గానీ నిషేధం తీయలేదు. ఆ నడుమ గుంతల దగ్గర తలలు లెక్కిస్తే తక్కువే కనిపిస్తాయి. దాక్కున్నవారు వృత్తి మానేసినట్టు కాదు.

3. గుంతలు లెక్కించండి, ఆపై మనుషులు

అసలు శ్రమంతా ఇక్కడే. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. అందులో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు. నదీతీర అడవిలో బురద రంగు మడుగులు బాగా కనిపిస్తాయి, మీటరు వెడల్పు నిలువు గుంతలు కనిపించవు. కనుక చిత్రాలతో పాటు స్థానికులను అడిగి జాబితా పూర్తిచేయాలి. తూర్పు కాంగోలో బెల్జియానికి చెందిన ఐపీఐఎస్ సంస్థ 2009 నుంచి స్థానిక బృందాలను పంపి, వేలాది తవ్వకాల ప్రదేశాలను ఒక్కొక్కటిగా చూసి పటం గీసింది. అంతకన్నా నమ్మదగిన దారి నాకు తెలియదు.

అన్ని చోట్లకూ వెళ్లలేకపోతే నమూనా తీయాలి, అయితే పరిమాణాన్ని బట్టి విడగొట్టి తీయాలి. లెక్క కోసం ఒక ఊహాదేశం తీసుకుందాం. చిన్న గుంతలు 1000, ఒక్కోచోట 12 మంది. మధ్యరకం 180, ఒక్కోచోట 60 మంది. పెద్దవి 20, ఒక్కోచోట 1500 మంది. మొత్తం 12,000, 10,800, 30,000 కలిపి 52,800. చూశారా, 20 చోట్లలోనే సగానికి పైగా జనం ఉన్నారు. విడగొట్టకుండా ఏవో 60 చోట్లు ఎంచుకుంటే ఆ 20లో ఒక్కటే తగలవచ్చు, అసలు తగలకపోవచ్చు. పెద్ద వాటన్నింటికీ వెళ్లి తీరాలి.

గుంత దగ్గర తలలు లెక్కించడం అంత తేలిక కాదు. ఉదయం పది గంటలకు వెళ్తే గట్టు మీదివారే కనిపిస్తారు. సొరంగంలో ఉన్నవారు, రాత్రి వంతు చేసి నిద్రపోతున్నవారు లెక్కకు రారు. గుంత యజమానిని ఒక ముఠాలో ఎంతమంది, రోజుకు ఎన్ని వంతులు, గుంత ఏ నెలల్లో నీటితో నిండి మూతపడుతుంది అని అడగండి. అదే ప్రశ్న వేరుగా ముడిరాయి కొనే వ్యాపారినీ, అన్నం అమ్మే ఆమెనూ అడగండి. రోజూ ఎన్ని పళ్లాలు పోతాయో ఆమెకు తెలుసు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. వీరిలో చాలామందికి అనుమతి పత్రాలు లేవు. పేర్లు, ముఖాలు, కచ్చితమైన స్థలాలు ప్రచురించకండి. మీ లెక్క పోలీసు దాడికి దారి చూపకూడదు.

4. సరుకుతో సరిచూడండి

అదే ఊహాదేశంలో చిన్న గనుల నుంచి ఏటా 20 టన్నుల బంగారం వస్తుందనుకుందాం. మనిషికి రోజుకు అర గ్రాము, ఏడాదికి 200 రోజుల పని అంటే 100 గ్రాములు. 20 టన్నులకు 2 లక్షల మంది కావాలి. గుంతల లెక్క 52,800 దగ్గరే ఆగింది. దాదాపు నాలుగు రెట్ల తేడా అంటే గుంతలు తప్పిపోయి ఉండాలి, లేదా పొరుగు దేశపు బంగారం వచ్చి కలుస్తూ ఉండాలి, లేదా అర గ్రాము అన్న ఊహ తప్పు. మూడింటినీ విచారించాకే ముందుకు వెళ్లండి.

ఎగుమతి దేశం చెప్పే అంకెను ఒక్కదాన్నే నమ్మవద్దు. 2016లో ఐక్య అరబ్ ఎమిరేట్లు ఆఫ్రికా నుంచి 446 టన్నుల బంగారం దిగుమతి చేసుకున్నట్టు నమోదైంది. అందులో చాలాభాగం పంపిన దేశాల లెక్కల్లో లేదు. మట్టి నుంచి బంగారాన్ని విడదీయడానికి వాడే పాదరసం మరో ఆధారం. పాదరసం వాడకాన్ని అదుపు చేసేందుకు 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, ఇలాంటి బంగారు తవ్వకాలు చెప్పుకోదగినంతగా ఉన్న దేశాలు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఇవ్వాలి, అందులో పాదరసం వాడకం అంచనా ఉండాలి. ఆ ప్రణాళికల్లో కూలీల సంఖ్య కూడా తరచు దొరుకుతుంది.

5. రాయి, ఇసుక, మట్టి మరువకండి

బంగారానికీ కోబాల్ట్‌కూ లెక్కించేవారు ఉన్నారు, ఎందుకంటే అవి అంతర్జాతీయ మార్కెట్‌కు వెళ్తాయి. కంకర కొట్టేవారిని ఎవరు లెక్కిస్తారు? సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని మంచాన పడేది వీరే అయినా, ప్రపంచ పట్టికల్లో వీరి గడులే ఎక్కువగా ఖాళీ. ఇది నన్ను బాధించే విషయం. మన దేశంలో ఇసుక, కంకర, భవన నిర్మాణ రాయి ‘చిన్న ఖనిజాలు’. వాటి నియమాలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. 2015లో మరో 31 ఖనిజాలు ఆ జాబితాలో చేరాయి, వాటిలో బెరైటీస్, అభ్రకం వంటి కొన్నింటిని 2025లో తిరిగి ప్రధాన ఖనిజాల్లోకి మార్చారు. బేతంచర్ల, తాండూరు నాపరాళ్ల క్వారీల వివరాలు కావాలంటే రాష్ట్ర గనుల శాఖ లీజుల జాబితాతో మొదలుపెట్టాలి, లీజు లేని తవ్వకాలను దానికి కలపాలి.

కార్మిక సర్వేలు ఇక్కడ పనికొస్తాయి. గనులు, క్వారీలకు వాటిలో వేరే విభాగం ఉంటుంది. ప్రధాన వృత్తితో పాటు అదనపు వృత్తి అంకెనూ తీసుకోండి. వేసవిలో రాయి కొట్టే వ్యవసాయ కూలీ అక్కడే దొరుకుతాడు.

6. కలపండి, హద్దులు చెప్పండి

ఒక్కో దేశానికి తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంకెలు పెట్టండి. ప్రపంచ మొత్తానికి అన్ని తక్కువలనూ, అన్ని ఎక్కువలనూ కలిపేస్తే హద్దులు అనవసరంగా విశాలమవుతాయి. దేశాల లెక్కలు వేర్వేరుగా జరిగితే ఒకదాని పొరపాటు మరోదానితో కొంత సర్దుకుంటుంది. అన్ని దేశాలకూ ఒకే గుణకం, అంటే ‘గుంతకు ఇంతమంది’ అని వాడి ఉంటే మాత్రం ఆ పొరపాటు ఎక్కడా సర్దుకోదు. అప్పుడు విశాలమైన హద్దులే సరైనవి.

ఆధారపడిన కుటుంబ సభ్యులను వేరే వరుసలో చూపండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999 నివేదికలోని 8 నుంచి 10 కోట్ల అంకె అటువంటిదే. దాన్ని కూలీల సంఖ్యగా రాసినవారు ఉన్నారు. సమాచారం లేని దేశం గడిలో సున్నా వేయకుండా ‘తెలియదు’ అని రాయండి, మొత్తం కింద ఎన్ని దేశాలు అలా మిగిలాయో చెప్పండి.