ఆన్‌లైన్ షూటింగ్ ఆటల్లో బాట్‌లు, హ్యాక్‌లు: సమస్య - పరిష్కారం

మల్టీప్లేయర్ షూటింగ్ ఆటను తయారుచేసి సర్వర్ నడిపేవారికి మోసాల గురించి ఫిర్యాదు రాగానే ఆటగాడి కంప్యూటర్‌లో హ్యాక్ ప్రోగ్రామ్‌ను వెతకాలన్న ఆలోచనే ముందుగా వస్తుంది. కానీ తమ సర్వర్ దేన్ని నమ్ముతోందో, ఏ సమాచారాన్ని బయటికి పంపుతోందో సరిచూసుకోకుండా ఆ వేటకు దిగితే శ్రమే మిగులుతుంది.

సమస్య: ఆటగాడు అసాధ్యమైన వేగంతో పరుగెడుతున్నాడు; తూటాలు ఎంతకీ అయిపోవడం లేదు.

అతని స్థానాన్ని, తూటాల లెక్కను అతని కంప్యూటరే చెబుతుండగా సర్వర్ యథాతథంగా ఒప్పుకోవడమే దీనికి కారణం. క్లయింట్ (ఆటగాడి కంప్యూటర్‌లో నడిచే ఆట ప్రోగ్రామ్) నుంచి ఏ మీట నొక్కారు, ఎటు గురిపెట్టారు అన్నది మాత్రమే తీసుకొని, మిగిలిన లెక్కంతా సర్వర్‌లోనే కట్టాలి. జాప్యం తెలియకుండా క్లయింట్ కదలికను ముందే తెరపై చూపవచ్చు గానీ, తేడా వస్తే సర్వర్ లెక్కే చెల్లాలి.

సమస్య: గోడ చాటున ఉన్నవారి జాడ ప్రత్యర్థికి ముందే తెలిసిపోతోంది.

గోడల వెనుక ఉన్నవారిని చూపే వాల్‌హ్యాక్ కొత్త సమాచారాన్ని దేన్నీ సృష్టించదు. సర్వర్ అందరి స్థానాలనూ అందరికీ పంపుతున్నందువల్ల ఆటగాడి కంప్యూటర్ మెమరీలో అప్పటికే ఉన్నదాన్ని చదివి తెరపై గీస్తుంది. కాబట్టి ఎవరికి ఎవరు కనిపించగలరో సర్వరే లెక్కించి, కనిపించే అవకాశం ఉన్నప్పుడే ఆ స్థానాన్ని పంపాలి. 2020లో విడుదలైన వాలరెంట్ ఆటలో దాని తయారీ సంస్థ రయట్ గేమ్స్ 'ఫాగ్ ఆఫ్ వార్' పేరుతో ఈ పద్ధతినే అమలు చేసింది. అయితే మూల తిరగగానే ప్రత్యర్థి గాలిలోంచి ఊడిపడినట్టు కనిపించకుండా ఉండాలంటే నెట్‌వర్క్ జాప్యానికి సరిపడా ముందుగానే పంపక తప్పదు. అడుగుల చప్పుడు కూడా కొంత జాడ చెబుతుంది. హ్యాక్ పూర్తిగా ఆగకపోయినా, దాని లాభం క్షణకాలానికి కుదించుకుపోతుంది. ఈ ఒక్క మార్పుకు పెట్టిన శ్రమ ఎన్నటికీ వృథా కాదని నా అభిప్రాయం.

సమస్య: ఒకరి తూటాలన్నీ తలకే తగులుతున్నాయి.

ఆటగాడి బదులు తానే గురిపెట్టే ఎయిమ్‌బాట్ పంపే కదలికలు నియమాలకు లోబడే ఉంటాయి కనుక సర్వర్‌కు వాటిని తిరస్కరించే వీలుండదు. రయట్ గేమ్స్ వాడే వాన్‌గార్డ్ వంటి కెర్నల్ స్థాయి (ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపల నడిచే) రక్షణ ఉన్నా, డీఎంఏ కార్డుతో (ప్రాసెసర్‌ను దాటి మెమరీని నేరుగా చదివే పరికరంతో) మరో కంప్యూటర్ నుంచి మెమరీ చదివేవారిని పట్టుకోవడం కష్టం. ప్రత్యర్థి కనబడిన క్షణానికీ తూటా పేలిన క్షణానికీ మధ్య వ్యవధిని లాగ్‌లో (సర్వర్ నమోదు చేసే రికార్డులో) భద్రపరచాలి. మనిషి చూసి స్పందించడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంతకన్నా త్వరగా పేలినవాటిలో ఊహించి కాల్చినవీ ఉంటాయి కాబట్టి ఒక్క తూటాను బట్టి కాక, వందలాది తూటాల తీరును బట్టి అనుమానించాలి. ఆ పైన మనుషులు రీప్లే చూసి నిర్ణయించాలి. కౌంటర్-స్ట్రైక్‌ ఆటలో దాని తయారీ సంస్థ వాల్వ్ 2013లో 'ఓవర్‌వాచ్' అనే ఏర్పాటు ద్వారా అనుభవజ్ఞులైన ఆటగాళ్లకే ఆ పని అప్పగించింది. తర్వాత డీప్ లెర్నింగ్‌తో (ఉదాహరణల నుంచి నేర్చుకునే కృత్రిమ మేధతో) పనిచేసే వ్యాక్‌నెట్ అనే వ్యవస్థ అనుమానిత ఆటలను వారి ముందుకు పంపింది. ఏళ్ల తరబడి సాధన చేసినవారిపై పొరపాటున మోసగాడన్న ముద్ర పడటం చాలా అన్యాయం.

సమస్య: బ్యాన్ చేసినా మళ్లీ వస్తున్నారు.

దొరికిన వెంటనే బ్యాన్ చేస్తే, ఏది పట్టుబడిందో హ్యాక్ తయారీదారుకు తెలిసిపోతుంది. అందుకే కొంత ఆలస్యంగా, చాలామందిని ఒకేసారి తొలగించాలి. ఉచిత ఆటల్లో కొత్త ఖాతా తెరవడం సులువు కనుక ర్యాంక్ పోటీలకు ఫోన్ నంబరు తప్పనిసరి చేయడం మేలు. హార్డ్‌వేర్ బ్యాన్ (ఖాతాను కాక కంప్యూటర్‌నే నిషేధించడం) మాత్రం ఆచితూచి వేయాలి: గేమింగ్ కేఫ్‌లలో ఒకే కంప్యూటర్‌పై రోజంతా వేర్వేరు వ్యక్తులు ఆడతారు కాబట్టి, అప్పీలు చేసుకునే దారి ఉంచి, దాన్ని మనిషే చదివేలా ఏర్పాటు చేయాలి.