డిస్క్ బాగానే ఉంది, టీవీనే పాడుచేసింది (నా అనుభవం)

నాన్నకి ఇష్టమని 1950ల నాటి ఒక బ్లాక్ అండ్ వైట్ సినిమా డీవీడీ కొన్నా, కొత్త 55 అంగుళాల టీవీలో పెడితే అందరి మొహాలు వెడల్పుగా, చర్మం మైనం పూసినట్టు, బొమ్మల అంచుల చుట్టూ తెల్ల గీతలు. ప్రింట్ చెత్తది అనుకున్నా. డిస్క్ తప్పు కాదని తర్వాత తెలిసింది.

ఆ కాలం సినిమా ఫ్రేమ్ వెడల్పు-ఎత్తుల నిష్పత్తి దాదాపు 1.37:1, మన టీవీది 16:9, దాన్ని సాగదీసి నింపేస్తోంది. టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ 4:3 చేశా, పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి, అదే అసలు ఫ్రేమ్. రంగులు, వెలుతురు పెంచేసే వివిడ్ మోడ్ తీసి సినిమా మోడ్ పెట్టా. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసేది), నాయిస్ రిడక్షన్ (బొమ్మ మీది చుక్కల్ని తుడిచేది) ఆఫ్. షార్ప్‌నెస్ మా టీవీలో సున్నా చేస్తే తెల్ల గీతలు పోయాయి, కొన్ని టీవీల్లో మధ్యలో ఉంటేనే కరెక్ట్, మెల్లగా తగ్గిస్తూ గీతలు పోయేచోట ఆపండి.

డీవీడీలో ఉండేది మహా అయితే 720x576 చుక్కలే, బ్లూరే డిస్కులో 1920x1080, కాబట్టి ఆ స్పష్టత దీన్నుంచి ఆశించొద్దు. ఇప్పుడు డిస్క్ బాగుందో లేదో తెలియడానికి నేను ముందు చూసేది జుట్టు, చీర అంచు, నల్ల కోటు మడతలు. సన్నగా కదిలే ఇసుకలాంటి గ్రెయిన్ ఫిల్మ్‌దే, అది లోపం కాదు. దాన్ని పూర్తిగా తుడిచేసిన డిస్కుల్లో మొహం మీద ముడతలు కూడా పోతాయి, నాకైతే అదే పెద్ద బాధ. టీవీలో ఆ మార్పులు చేశాక నాన్న మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు.