నలభై దాటాక తండ్రి కావాలనుకుంటే ముందు చూసుకోవాల్సినవి

పిల్లల కోసం ప్రయత్నించేటప్పుడు భార్య వయసే అడుగుతారు. భర్త వయసుకూ లెక్క ఉంది. ఆడపిల్ల పుట్టేసరికే అండాలు ఏర్పడి ఉంటాయి. వీర్యకణాలు అలా కాదు, యుక్తవయసు నుంచి తయారవుతూనే ఉంటాయి. వాటి మూలకణాలు సుమారు 16 రోజులకోసారి, అంటే ఏడాదికి 23 సార్లు విభజన చెందుతాయి. ప్రతిసారీ డీఎన్‌ఏ మొత్తాన్ని నకలు తీయాలి, అందులో తప్పులు దొర్లుతాయి. తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డకు చేరే కొత్త మ్యుటేషన్లు (ఇలా డీఎన్‌ఏలో వచ్చే మార్పులు) ఒకటిన్నర నుంచి రెండు దాకా పెరుగుతాయి. చాలావాటితో ఏ హానీ ఉండదు.

హాని చేసేవాటిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువు మార్పు ఒకటి. అందులో డీఎన్‌ఏ అక్షరం ఒక్కటి మారితే చేతులు, కాళ్లు పొట్టిగా ఉండిపోయే ఎకాండ్రోప్లేసియా వస్తుంది. ఈ పిల్లల్లో సుమారు 80 శాతం మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువారే. మార్పు వచ్చిన మూలకణం వృషణంలో పక్కవాటిని మించి పెరుగుతుంది, అందుకే వయసుతో ముప్పు ఎక్కువవుతుంది. అయినా ఇది వేల కాన్పుల్లో ఒకటి, కొన్ని రెట్లు పెరిగినా అరుదే. భయంతో పిల్లలు వద్దనుకోనక్కర్లేదు. ఆటిజం, స్కిజోఫ్రీనియా ముప్పు కూడా కాస్త పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్‌కు మాత్రం ప్రధానంగా తల్లి వయసే లెక్క.

వీర్య పరీక్ష రిపోర్టు బాగుందని ఊరుకోకండి. అది కణాల సంఖ్య, కదలిక, ఆకారం చూస్తుంది, మ్యుటేషన్లు చూడదు. తల్లి రక్తంతో చేసే మామూలు ఎన్‌ఐపీటీ పరీక్ష కూడా క్రోమోజోముల తేడాలనే పడుతుంది. 20వ వారం స్కాన్ తప్పనిసరి. అయితే ఎకాండ్రోప్లేసియాలో తొడ ఎముక ఎదుగుదల వెనకబడటం తరచుగా 24 వారాల తర్వాతే కనిపిస్తుంది. కాబట్టి 28–32 వారాల మధ్య ఇంకో స్కాన్ చేయించి, తొడ ఎముక కొలత పాత కొలతతో పోల్చమని అడగండి.

వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకే పొగ మానడం కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. కండల కోసం టెస్టోస్టిరాన్ తీసుకుంటే వీర్యకణాల తయారీయే ఆగిపోవచ్చు, తిరిగి మొదలవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. ఈ జాగ్రత్తలతో కణాల నాణ్యత మెరుగుపడుతుంది గానీ, ఏళ్లుగా పోగైన మ్యుటేషన్లు చెరిగిపోవు. పిల్లల్ని చాలా ఆలస్యం చేస్తామని ముందే తెలిస్తే, వయసులో ఉండగానే వీర్యం ఫ్రీజ్ చేయించుకోవడం ఒక మార్గం.

రెండు కుటుంబాల్లో ఎవరికైనా జన్యు జబ్బులుంటే గర్భానికి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. గర్భం వచ్చిన నాటికి తండ్రికి ఎన్నేళ్లో ఫైల్ మీద రాయించండి, స్కాన్ చేసే డాక్టర్‌కు అది కనబడాలి.